సీటు లేని చీటీ

మా మిలాదా పెద్దమ్మ డెబ్బై రెండేళ్ళు వచ్చేదాకా రైల్లో సీటు రిజర్వేషన్ చేయించుకోలేదు. చేతగాక కాదు. పద్దెనిమిదో ఏట మా చెక్ దేశం చివర బొహుమీన్ ఊరి అవతల రైల్వే గేటు దగ్గర కాపలాకి చేరి, తర్వాత సిగ్నల్ క్యాబిన్‌లోకి మారి, ముప్పై తొమ్మిదేళ్ళు పోలండ్ హద్దు మీద రైళ్ళను పంపిన మనిషి. "నేను దారి ఇస్తే కదిలిన రైల్లో కూర్చోడానికి నేనే చీటీ కొనాలా?" అనేది.

మా రైళ్ళలో ఆరుగురు కూర్చునే చిన్న గదిని కూపే అంటారు, దాని తలుపు పక్కన చిన్న చట్రం ఉంటుంది. ఏ సీటు ఏ ఊరి నుంచి ఏ ఊరిదాకా రిజర్వు అయిందో ఆ చట్రంలో చీటీలు గుచ్చి పెడతారు. పెద్దమ్మ నడవలో నడుస్తూ వాటిని ఒక్క చూపుతో చదివేసేది. ఈ సీటు ఒలొమౌత్స్‌లో ఎక్కేవాళ్ళది, అందాకా మనది. అది పార్దుబిత్సెలో ఖాళీ అవుతుంది, అక్కడి నుంచి మనది. అలా నాలుగు సీట్లు మారుతూ ప్రాగ్ దాకా హాయిగా కూర్చుని వెళ్ళేది. ఎక్కడా ఖాళీ లేకపోతే నడవలో కిటికీకి ఆనుకుని నిలబడేది. మా దేశంలో ఆ చీటీ కూర్చోడానికి మాత్రమే. లేనివాడు నిలబడతాడు. చీటీ లేదని అసలు రైలే ఎక్కనివ్వకపోవడం మేము ఎరగం. తర్వాత జరిగిన గొడవంతా అక్కడే మొదలైంది.

నా గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పెద్దమ్మ చెల్లెలి కూతుర్ని. పేరు వెందులా. అమ్మ మంచాన పడ్డాక పదహారో ఏట చదువు ఆపేసి, స్లీపర్ బోగీల దుప్పట్లు ఉతికే చోట పనికి కుదిరాను. నలుగురిలో మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు. అందుకే పెద్దమ్మ నన్ను వెంట తీసుకెళ్ళడం నాకిష్టం. ఇద్దరి తరఫునా ఆవిడే మాట్లాడుతుంది.

ఆ ఆగస్టులో మేము వెళ్ళాల్సింది పోలండ్ ఉత్తరాన ఉన్న త్చెవ్ అనే ఊరికి. అక్కడ బోజెనా పెళ్ళి. పెళ్ళికూతురికి అరవై ఏడేళ్ళు.

బోజెనా హద్దుకు అవతలి క్యాబిన్‌లో పనిచేసేది. ఇద్దరి మధ్యా ఒక నది, ఒక వంతెన, ఒక టెలిఫోను తీగ. "ఫలానా నంబరు పంపనా?" అని ఈవిడ అడిగితే "పంపు" అని ఆవిడ అనాలి. ఇరవై ఆరేళ్ళు అదే పని. ఒకరు చెక్ భాషలో అడిగితే ఇంకొకరు పోలిష్‌లో బదులిచ్చేవారు. నేను పుట్టకముందు ఒక డిసెంబరులో అవతల పోలండ్‌లో సైన్యం వీధుల్లోకి దిగి, దేశమంతా ఫోన్లు తెగ్గొట్టారట. రైల్వే తీగ ఒక్కటే పనిచేసింది. అందులో రైలు నంబర్లు తప్ప ఇంకో మాట అనకూడదని ఉత్తర్వు. పెద్దమ్మ ప్రతి నంబరు చివరా "పిల్లాడికి జ్వరం తగ్గిందా?" అని కలిపేది. పై అధికారి సంజాయిషీ అడిగితే, "జ్వరం వల్ల రైలు ఆలస్యం అయిందా? కాలేదుగా. మరి మీకేం?" అని రాసి పంపింది. జీతం కోశారు. ఆ మర్నాడు కూడా జ్వరం సంగతి అడిగింది.

ఆ జ్వరం పిల్లాడే డారెక్. ఇప్పుడు నలభై దాటాడు. అమ్మ మళ్ళీ పెళ్ళి చేసుకుంటానంటే, అదీ నది మీద పడవలు నడిపి మానేసిన వితోల్ద్ అనే ముసలాయన్ని అంటే, ఒప్పుకోలేదు. తమ్ముడు కూడా అన్న మాటే తన మాట అన్నాడు. పెళ్ళికి రామన్నారు, సాక్షి సంతకం పెట్టేది లేదన్నారు. బోజెనా చెల్లెళ్ళు, మరదళ్ళు కూడా కొడుకుల వైపే ఉన్నారు. అప్పుడు బోజెనా పెద్దమ్మకి ఫోన్ చేసింది.

"సాక్షికేముంది, వీధిలో పోయేవాణ్ణి పిలిచి సంతకం పెట్టించుకోవచ్చు. కానీ నా వైపు కుర్చీల్లో ఒక్కళ్ళు లేకపోతే ఎలా ఉంటుందే? వస్తావా?"

"శనివారం నాలుగింటికి కదా. వస్తా," అంది పెద్దమ్మ.

పెద్దమ్మకి రైల్వే ఇచ్చే విదేశీ పాస్ ఉంది. ఏడాదికోసారి ఇచ్చే చిన్న పుస్తకం అది. ఒక్కో దేశానికి ఒక్కో కాగితం, కాగితానికి నాలుగు గళ్ళు. ఒక్కో గడి రెండు రోజులు చెల్లుతుంది. ప్రయాణం తేదీ మన చేత్తో మనమే సిరాతో రాసుకోవాలి. దిద్దితే ఆ గడి చెల్లదు. పోలండ్ కాగితంలో ఒకే గడి మిగిలింది. పెద్దమ్మ శుక్రవారం సాయంత్రమే, ఇంట్లో బల్ల ముందు కూర్చుని, అందులో శనివారం తేదీ వేసేసింది. ఆ తర్వాత నాకు టికెట్ కొనడానికి స్టేషన్‌కి వెళ్ళాం.

కౌంటర్లో ఉన్న ఇవెటా నాకు టికెట్, దాంతో పాటు సీటు చీటీ ఇచ్చి, "మిలాదా గారూ, మరి మీకు?" అంది.

"నాకు పాస్ ఉంది."

"పాస్ సరే. సీటు? పాస్ వాళ్ళకని విడిగా పెట్టిన సీట్లు ఎప్పుడో అయిపోయాయండీ. సముద్రానికి పోయే రైలు, అందులో ఆగస్టు. ఇప్పుడు నేను ఇద్దామన్నా లేవు."

"నేనడిగానా?"

"అడగాలండీ. హద్దు దాటితే అక్కడి పద్ధతి వేరు. చీటీ లేకపోతే ఎక్కనివ్వరు."

"ఎక్కేది ఇక్కడ. హద్దు దాటాక దింపేవాడెవడో చూస్తాగా."

ఇవెటా నా వైపు చూసింది. నేను టికెట్ మడత పెడుతున్నట్టు తల దించుకున్నాను.

పొద్దున రైలు కిటకిటలాడుతూ వచ్చింది. పోలండ్ సముద్రం చవకని తెలిసినప్పటి నుంచి మావాళ్ళంతా అటే పోతున్నారు. వేయించిన మాంసం ముక్కలు రొట్టెలో పెట్టుకుని, గొడుగులు, గాలి ఊదే బొమ్మలు వేసుకుని బయల్దేరతారు. మా కూపేలో ఆరు సీట్లూ నిండాయి. నాది తలుపు పక్క సీటు. పెద్దమ్మ పెళ్ళి పిండివంటల డబ్బా నా ఒళ్ళో పెట్టి, తను నడవలో కిటికీ దగ్గర నిలబడింది. పెళ్ళికని కుట్టించుకున్న ముదురు నీలం గౌను, కాళ్ళకి కొత్త బూట్లు. నది దాటాం. తను పనిచేసిన క్యాబిన్, బోజెనా క్యాబిన్ రెండూ తాళాలతో ఉన్నాయి. పెద్దమ్మ అటు చూడనైనా లేదు.

దాటిన పది నిమిషాలకి టీసీ వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, టోపీ కూడా కొత్తదే. అతను పోలిష్‌లో అడుగుతుంటే పెద్దమ్మ చెక్‌లోనే బదులిచ్చింది, హద్దు మనుషులకి రెండూ అర్థమవుతాయి. పెద్దమ్మ పుస్తకం తిప్పి చూసి, తేదీ చూసి, ముద్ర కొట్టాడు.

"పాస్ బావుందమ్మా. సీటు చీటీ?"

"లేదు."

"మరి ఎక్కడ కూర్చున్నారు?"

"నీ కళ్ళకి కూర్చున్నట్టు కనిపిస్తున్నానా, నాయనా?"

నడవలో గాలాల కట్ట పట్టుకుని నిలబడ్డ ఒకాయన నవ్వాడు. టీసీ చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ రైల్లో సీటు తప్పనిసరి అమ్మా."

"తప్పనిసరా! కూర్చుంటే డబ్బడగడం విన్నాను. కూర్చోకపోయినా అడగడం ఇవాళే వింటున్నా."

"అది కాదమ్మా. సీటు ఉంటేనే ప్రయాణం. లేకపోతే కటొవిత్సెలో దిగిపోవాలి."

"దిగను."

"పోలీసుల్ని పిలవాల్సి వస్తుంది."

"పిలువు. వాళ్ళకి సీటు చీటీలున్నాయేమో ముందు కనుక్కో."

నేను లేచాను.  తలుపులోంచి, "పెద్దమ్మా, నా సీట్లో నువ్వు కూర్చో. నేను దిగి వెనక్కి వెళ్ళిపోతాను," అన్నాను.

"నువ్వు కూర్చోవే! నీ సీటు నీది. నేనెవర్నీ సీటడగలేదు. ఇతగాడే నాకు అంటగట్టాలని చూస్తున్నాడు."

టీసీ ఇక వాదించలేదు. వెళ్ళి గార్డుని తీసుకొచ్చాడు. యాభై దాటిన ఆవిడ, పొట్టి జుట్టు, సన్నగా ఎండిన ముఖం. అరవలేదు. పెద్దమ్మ పాస్ పుస్తకం అట్ట మీద రాసి ఉన్న ఉద్యోగం వివరం చదివి, నెమ్మదిగా అంది:

"మీరూ సిగ్నల్ మనిషే. రూలంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?"

పెద్దమ్మకి ఆ మాట తగిలిందని నాకు తెలిసింది. గడ్డం పైకెత్తింది.

"రూలు నాకు తెలుసు తల్లీ. రైళ్ళు గుద్దుకోకుండా రూలు పెట్టారు. నేనిక్కడ నిలబడితే ఎవర్ని ఎవరు గుద్దుకుంటారు?"

"అందరూ మీలాగే నిలబడతామంటే రేపు నడవలో అడుగు పెట్టడానికి ఉండదు. లెక్క కోసమే ఆ చీటీ." గార్డు టీసీ నడుముకున్న మెషిన్ చూపించింది. "సీట్లు నిండాక మేమిచ్చేది ఇంకోటుంది. సీటు లేని చీటీ. అది ఉంటే నిలబడి వెళ్ళొచ్చు. ధర మాత్రం సీటు చీటీ ధరే."

గాలాలాయన ఈసారి పగలబడి నవ్వాడు. మా కూపేలో పిల్లల తల్లి కూడా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"ఉన్న సీటుకే కొనని దాన్ని, లేని సీటుకి కొంటానా?"

"మీ ఇష్టం. పన్నెండు నిమిషాల్లో కటొవిత్సె. కొంటే ప్రయాణం, లేకపోతే దిగడం. మూడోది నా చేతుల్లో లేదు."

గార్డు అక్కడే నిలబడింది, టీసీ ఆవిడ వెనక. పెద్దమ్మ కిటికీ వైపు తిరిగింది. బయట బొగ్గు గుట్టలు, గోడల మీద రంగు బొమ్మలు వెనక్కి పోతున్నాయి. కటొవిత్సెలో దిగితే చీటీ అడగని చిన్న రైళ్ళు ఉన్నాయి. ఆగుతూ మారుతూ పోతే త్చెవ్ చేరేసరికి చీకటి పడుతుంది. ఆ సంగతి నాకే తెలుసు, పెద్దమ్మకి తెలియకుండా ఉంటుందా! దిగుతుందనే అనుకున్నాను. ఆవిడ మొండితనం అలాంటిది. ఒకసారి ఎవరో పెద్ద అధికారి ప్రత్యేక రైలుని పదకొండు నిమిషాలు ఎర్ర దీపం దగ్గర ఆపేసిందని, ఎందుకని అడిగితే పాల బండికి ముందు దారిచ్చానని చెప్పిందని, మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"నాలుగింటికి, పెద్దమ్మా," అన్నాను. 

అప్పుడే ఆవిడ ఫోన్ మోగింది. బోజెనా గొంతు ఎంత పెద్దదంటే కూపేలో నాకు కూడా వినిపించింది.

"ఎక్కావా?"

"ఎక్కా."

"డారెక్ పొద్దున్నే వచ్చి గోలగోల చేసి పోయాడు. నీ తరఫున ఎవరొచ్చి కూర్చుంటారో నేనూ చూస్తానన్నాడు. గుమ్మంలో నిలబడి చూస్తాడట."

"చూడనీ."

"నువ్వొస్తున్నావు కదా?"

పెద్దమ్మ వెంటనే బదులియ్యలేదు. క్యాబిన్‌లో ఉన్నప్పుడు కూడా అలా ఆగేదేమో నాకు తెలియదు. తర్వాత "వస్తున్నా. పెట్టేయ్, పని ఉంది," అని ఫోన్ సంచిలో వేసుకుని, అదే చేత్తో పర్సు బయటికి తీసింది.

"ఇవ్వండి ఆ చీటీ. కానీ రాసేది సరిగ్గా రాయండి. సీటు లేదని స్పష్టంగా ఉండాలి."

టీసీ నడుముకు వేలాడే మెషిన్ నొక్కి కాగితం చింపి ఇచ్చాడు. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని ప్రతి అక్షరం గట్టిగా చదివింది. బోగీ నంబరు ఉంది. సీటు నంబరు ఉండాల్సిన చోట గీత ఉంది. రెండుసార్లు చదివి, పాస్ పుస్తకంలో పెట్టుకుంది. డెబ్బై రెండేళ్ళలో మొదటి రిజర్వేషన్. ముఖం చూస్తే చిన్నప్పుడు నాకు ఇంజెక్షన్ చేయించిన రోజు గుర్తొచ్చింది, అప్పుడు సూది నాకు, ముఖం ఆవిడది.

అక్కడితో అయిపోయిందనుకున్నాను.

కటొవిత్సెలో చాలామంది దిగారు. మా కూపేలోనే రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. అక్కడ ఎక్కాల్సిన వాళ్ళు ఎక్కలేదు. టీసీ మళ్ళీ వచ్చి చూసి, మనసు తేలికపడ్డవాడిలా అన్నాడు:

"అమ్మా, రండి, కూర్చోండి. ఈ రెండూ వార్సా దాకా ఖాళీనే."

"నా చీటీ చూశావా, నాయనా?"

"నేనే కదమ్మా ఇచ్చింది."

"ఏమని ఉంది?"

"...సీటు లేదని."

"మరి నన్ను రూలు తప్పమంటావా?"

టీసీ ఖాళీ సీటు వైపు చెయ్యి చూపించాడు. "కూర్చోవచ్చమ్మా. ఖాళీ ఉంటే కూర్చోవచ్చు. ఎవరూ ఏమీ అనరు."

"పొద్దున నిలబడితే తప్పన్నావు. నిలబడే హక్కు కొనుక్కోమన్నావు. కొన్నాను. డబ్బు పోసి కొన్న దాన్ని వదులుకోవడం మా ఇంటా వంటా లేదు. నువ్వెళ్ళి నీ పని చూసుకో."

"కోపంగా ఉన్నారా అమ్మా?"

"లేదయ్యా. కొన్నది వాడుకుంటున్నా."

అలా నిలబడే ఉంది. రైలు చెన్స్టొహోవా ఊరు దాటింది. పొలాలు, పొద్దుతిరుగుడు పూలు దాటాయి. నేను కూర్చుని పెద్దమ్మ వీపు చూస్తున్నాను. కుడికాలి మీది బరువు ఎడమకాలి మీదికి, ఎడమకాలి మీదిది కుడికాలి మీదికి మారుస్తోంది. కొత్త బూట్ల పైన మడమల దగ్గర చర్మం ఉబ్బి పొంగుతోంది. నాకు ఆ మెత్తటి సీటు ముళ్ళలా అనిపించింది. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"నీకేమైంది? నీకు సీటుంది కదా."

"కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది, పెద్దమ్మా."

ఆవిడ నా వైపు అడ్డంగా చూసింది. అబద్ధమని తెలుసు. కిటికీ దగ్గర కొంచెం జరిగి చోటిచ్చింది. రొట్టె విప్పి, ఊరగాయ దోసకాయ విరిచి ఇద్దరం నిలబడే తిన్నాం. గాలాలాయనకి కూడా ఒక ముక్క పెట్టింది. ఆయన "నేను చూస్తూనే ఉన్నా, మీలాంటి మనిషిని మా రైల్వే తట్టుకోలేదమ్మా," అన్నాడు. "మా రైల్వే తట్టుకుంది, ముప్పై తొమ్మిదేళ్ళు," అంది పెద్దమ్మ నోట్లో ముద్దతోనే.

వార్సాకి ముందు రైలు బయటే ఆగిపోయింది. ఎంతసేపటికీ కదలదు. పెద్దమ్మ గడియారం చూడడం మొదలుపెట్టింది. నలభై నిమిషాలు. పిల్లలు ఏడుస్తున్నారు. గార్డు నడవలో వచ్చి మా దగ్గర ఆగింది. ఎందుకొచ్చిందో తెలియక నేను పెద్దమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ముందు బండి పాడైంది. మీరెక్కడిదాకా?" అంది గార్డు.

"త్చెవ్. నాలుగింటికి పెళ్ళి. నేను సాక్షిని."

గార్డు లెక్క వేసింది. "మూడున్నరకి చేరుస్తాం. పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే ఆఫీసు స్టేషన్‌కి దగ్గరే." వెళ్ళబోతూ, "ఇంకా నిలబడే ఉన్నారే," అంది.

"చీటీ అలా ఉంది మరి."

ఆవిడ నవ్వు ఆపుకున్నట్టు నాకు అనిపించింది, కానీ ఆ ముఖంలో ఏదీ గట్టిగా చెప్పలేం.

త్చెవ్‌లో మూడూ నలభైకి దిగాం. పెద్దమ్మ మొదటి అడుగు వెయ్యలేకపోయింది. రెండో అడుగూ అంతే. నా భుజం పట్టుకుని బెంచీ దాకా వచ్చింది. "కూర్చో పెద్దమ్మా, రైలు దిగిపోయాం కదా," అన్నాను. కూర్చుని బూట్ల తాళ్ళు పూర్తిగా విప్పేసింది. బిగిస్తే కాలు పట్టదు. అలా తాళ్ళు ఈడ్చుకుంటూ, పిండివంటల డబ్బా నా చేతిలో, వీధి దాటి ఆఫీసు మెట్లెక్కాం.

గది చిన్నది. రెండు వైపులా కుర్చీల వరసలు. వితోల్ద్ వైపు పదిమంది దాకా ఉన్నారు, పడవలవాళ్ళు, వాళ్ళ భార్యలు. బోజెనా వైపు ఒక్కరూ లేరు. ఆవిడ తెల్ల కోటు వేసుకుని ముందు నిలబడి, మమ్మల్ని చూసి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దమ్మ నేరుగా వెళ్ళి ఆ ఖాళీ వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. అప్పుడు చూశాను, గుమ్మంలో డారెక్ నిలబడి ఉన్నాడు. లోపలికి రాలేదు, వెళ్ళలేదు. తలుపు తెరిచే ఉంది.

పెళ్ళి చేయించే అధికారిణి కాగితాలు తీసింది. "వధువు తరఫు సాక్షి?"

"నేను," అని పెద్దమ్మ లేచింది.

"ఆవిడ ఈ దేశం మనిషి కాదు," అన్నాడు డారెక్ గుమ్మంలోంచి. "మా భాష ఆవిడకి ఏం అర్థమవుతుంది? ఆ సంతకం చెల్లదు."

గదిలో అందరూ వెనక్కి తిరిగారు. అధికారిణి ఇబ్బంది పడుతూ, "అమ్మా, ఇక్కడ జరిగేది మీకు అర్థమవుతోందా? అర్థం కాకపోతే అనువాదకుడు కావాలి," అంది.

పెద్దమ్మ పోలిష్ మాట్లాడడం నేను అంతవరకూ వినలేదు. మా ఊరి యాసే, కానీ స్పష్టంగా ఉంది.

"అర్థమవుతోందమ్మా. ఈ ఇద్దరూ ఎవరి బలవంతమూ లేకుండా పెళ్ళి చేసుకుంటున్నారు. నేను చూశానని సంతకం పెట్టాలి. గుమ్మంలో అబ్బాయి వద్దంటున్నాడు. అదీ అర్థమైంది."

పడవలవాళ్ళలో ఎవరో దగ్గి నవ్వు దాచుకున్నారు. అధికారిణి తలూపి, కలం చేతికిచ్చింది.

"మా అమ్మ మమ్మల్ని ఒక్క మాట అడగలేదు," అన్నాడు డారెక్. ఈసారి గొంతు తగ్గింది.

పెద్దమ్మ కలం పట్టుకుని అతని వైపు తిరిగింది. "నలభై ఏళ్ళు మిమ్మల్ని అడిగే బతికింది నాయనా. ఏం తింటారు, ఎప్పుడొస్తారు, డబ్బు చాలుతుందా. ఇదొక్కటి అడగలేదు. రావాలనుంటే లోపలికి రా, వెళ్ళాలనుంటే వెళ్ళు. ఏదైనా ఆ తలుపు వెయ్యి, కాగితాలు ఎగిరిపోతున్నాయి."

అధికారిణి ఎగిరే కాగితాల మీద చెయ్యి పెట్టింది. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. తిరిగి చూశాను. డారెక్ లోపలి వైపే ఉన్నాడు, వీపు తలుపుకి ఆనించి, చేతులు కట్టుకుని.

పెద్దమ్మ మళ్ళీ చూడలేదు. కాగితం మీదికి వంగి, పేరూ ఇంటిపేరూ ఒక్క అక్షరం మింగకుండా పూర్తిగా రాసింది.